రంపం పట్టిన చెయ్యి

జూన్ 4

అత్తా,

ఇది నీ మోకాళ్ళ గురించి అడగడానికి రాస్తున్న ఉత్తరం కాదు. అడిగినా "ఉన్నాయి, రెండూ ఉన్నాయి" అంటావు. ఫోను చేద్దామంటే అందులో నా గొంతు నీళ్ళలో మునిగినట్టు వినిపిస్తుందని నువ్వే అన్నావు. కాబట్టి ఉత్తరమే గతి. నాకు రాయడానికి బద్ధకం, నీ కోడిగీతలు చదవడం అంతకంటే కష్టం. జీవితమంతా ఆఫీసులో టైపిస్టుగా చేసిన మనిషి దస్తూరి అలా ఉంటుందంటే ఎవరైనా నమ్ముతారా?

సంగతేమిటంటే నాకో పని వచ్చింది. పరీక్షల గైడ్లకు అట్టబొమ్మలు గీసీ గీసీ బుర్ర అరిగిపోయిందని ఏడుస్తుంటాను కదా, ఈసారి అది కాదు. పిల్లల కోసం బొమ్మల జీవితకథ. ముప్ఫై రెండు పేజీలు, నిండా రంగులు. ఎవరి జీవితమో తెలుసా? మీ నాన్నది! "పనిముట్ల కోశం" చేసిన తాతయ్యది! వడ్రంగి రంపం నుంచి చెప్పులు కుట్టే ఆరె దాకా ప్రతి పనిముట్టుకీ బొమ్మ వేయించి, దాని భాగాలకు అంకెలు వేసి, పేర్లు రాసి, ఎలా పట్టుకోవాలో చూపించిన మనిషి కథ. నేను ఆయన మనవరాలినని చెప్పేసరికి ఎడిటరు గారు కుర్చీలోంచి లేచినంత పని చేశారు.

రాసింది ఒక రిటైరైన మాస్టారు. ఆయన రాతప్రతి నకలు ఇందులో పెట్టాను. తాతయ్య నాకు లీలగా తప్ప గుర్తులేడు. నాన్నని అడిగితే "మా అక్కని అడుగు, నేను నడక నేర్చేసరికే కోశం అయిపోయింది" అని చేతులు దులుపుకున్నాడు. కాబట్టి నువ్వే చెప్పాలి. తాతయ్య రాతబల్ల ఎలా ఉండేది? కళ్ళజోడు గుండ్రమా, పలకలా? పని చేస్తూ ఏమైనా తినేవాడా?

ఇక 20, 21 పేజీలు. పుస్తకానికి అవే గుండెకాయ అంటున్నారు ఎడిటరు గారు. అదే, అచ్చుబ్లాకుల కథ. నాన్న ఎక్కడ విందుకెళ్ళినా చెబుతాడే! మొదటి ముద్రణలో పనిముట్లు పట్టుకున్న చేతులన్నీ ఎడమచేతులుగా పడ్డాయి, ప్రెస్సులో బొమ్మలకు బ్లాకులు చేసే ఆయన అన్నిటినీ తిరగేసి చేశాడు, పత్రికలో ఎవరో ఎత్తిచూపారు, అందరూ ఆ మనిషి మీద విరుచుకుపడుతుంటే తాతయ్య ఒక్కడే నవ్వి, "పోనీలే, ఎడమచేతి వాటం వాళ్ళకి కూడా ఒక పుస్తకం ఉండాలిగా" అని ఆయన భుజం తట్టాడు. పిల్లలకి ఇంతకంటే మంచి కథ ఏముంటుంది? ఆ బ్లాకుల ఆయన ఎలా ఉండేవాడో గుర్తుంటే రాయి.

మొద్దుబారిన నీ
పెన్సిలు


జూన్ 12

ఒసేయ్ పెన్సిలూ,

రెండూ ఉన్నాయి. కుడిదానికి ఈమధ్య పొగరెక్కింది. మూడో అంతస్తు మెట్ల మీద ఒకచోట కూర్చుని లేస్తున్నాను. పైకెక్కేవాళ్ళు నన్ను చుట్టి పోతున్నారు. అలవాటైపోయింది, వాళ్ళకీ నాకూ.

రాతప్రతి చదివాను. మాస్టారు తెగ కష్టపడ్డారు పాపం. కానీ రాతబల్ల ఎక్కడిది? మీ తాత ఇస్త్రీ బల్ల ముందు నిలబడి రాసేవాడు. కూర్చుంటే నిద్రొస్తుందని ఆయన నమ్మకం. ఇస్త్రీ చేయాల్సి వస్తే మీ బామ్మ బట్టలు చేత పట్టుకుని ఆయన పేరా ముగిసేదాకా నిలబడేది. అందుకే మా ఇంట్లో అందరి బట్టలూ నలిగి ఉండేవి. కళ్ళజోడు గుండ్రం. ఒక పుల్ల విరిగితే బూటులేసుతో చెవికి కట్టుకున్నాడు. ఆ లేసు నల్లది, రంగు వేసేటప్పుడు గుర్తుంచుకో. తినడం ఏమీ లేదు. గోళ్ళు కొరికేవాడు. అది పిల్లల పుస్తకంలో వెయ్యకు.

"చూసి చెప్పు" అనేవాడని మాస్టారు రాశారు, అది నిజమే. మా ఇంటి చట్టం అది. గుర్తున్నది చెప్పకూడదు, ఊహించింది చెప్పకూడదు. వాన పడుతోందా అని అడిగితే, చప్పుడు చెవుల్లో మోగుతున్నా సరే, కిటికీ దాకా వెళ్ళి చూసొచ్చి చెప్పాలి. ఒకరోజు మీ బామ్మ "నేను అలిసిపోయానండీ" అంటే పుస్తకంలోంచి తల ఎత్తకుండా "చూసి చెప్పు" అన్నాడు. ఆవిడ అద్దం దగ్గరికెళ్ళి మొహం చూసుకుని వచ్చి, "చూశాను, అలిసిపోయాను" అంది. ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత ఆవిడే లేచి పొయ్యి వెలిగించింది.

20, 21 పేజీలు వద్దులే. బాగోవు.

ఇక్కడ చూపు ఆనడం లేదు, ఆపేస్తాను.

మీ అత్త


జూన్ 20

అత్తా,

నీ ఉత్తరం ఎడిటరు గారికి చదివి వినిపించాను. అద్దం దగ్గర బామ్మ సంగతికి ఆవిడ పడీపడీ నవ్వారు. ఇస్త్రీ బల్ల, బూటులేసు, అన్నీ మార్చాను. మాస్టారు కూడా రెండు పేజీలు తిరగరాశారు. నీకు ఆయన నమస్కారాలు.

20, 21 బాగోవని రాశావు. నాకూ అదే భయం. చదవడానికి బాగున్నది బొమ్మకెక్కితే చప్పగా ఉంటుంది. ప్రెస్సు అంటే అంతా నలుపే కదా, పిల్లలకి ఏం ఆనుతుంది? అందుకని రంగులు కుమ్మరించాను. బ్లాకుల ఆయన్ని బొద్దుగా, బుగ్గమీసాలతో, కళ్ళజోడు తలకిందులుగా పెట్టుకున్నట్టు వేశాను. చొక్కా కూడా తిరగేసి తొడుక్కున్నాడు. ఆయన చుట్టూ ఎడమచేతులు పిట్టల్లా ఎగురుతుంటాయి. మధ్యలో తాతయ్య నవ్వుతూ. చిత్తు బొమ్మ పంపుతున్నాను. ఇప్పుడు బాగోలేదను చూద్దాం!

నా సంగతులు చెప్పమన్నా చెప్పడానికేం లేవు. పగలు గైడ్ల ఆఫీసు, సాయంత్రం నుంచి ఇది. కిటికీ కింద మెకానిక్ షాపు, వాడి సుత్తి దెబ్బలకి నా గీత ఉలిక్కిపడుతుంది. అయినా ఒక్క పుస్తకం మీదైనా నా పేరు బొమ్మల కింద కాకుండా అట్ట మీద పడుతుందని ఓపిక చేసుకుంటున్నాను. ఇది పోతే ఇంకోటి వస్తుందన్న నమ్మకం నాకు లేదు.

ఎదురుచూస్తూ,
పెన్సిలు


జూన్ 27

పెన్సిలూ,

ఆయన బొద్దుగా ఉండేవాడు కాదు. కర్రపుల్లలా ఉండేవాడు. మీసాలు లేవు. రసాయనాలకి వేళ్ళ చివర్లు పసుపురంగులో ఉండేవి. చొక్కా తిన్నగానే తొడుక్కునేవాడు, దానికి పై బొత్తాం కూడా పెట్టుకునేవాడు. ఆయన్ని నవ్వులపాలు చెయ్యకు.

బాగోదు అంటే బొమ్మ బాగోదని కాదు. ఇంత చదువుకున్నావు, ఇంత బొమ్మలేశావు, మనిషి మాట అర్థం కాదేమే నీకు?

మొదటి ముద్రణ ప్రతి ఒకటి నా దగ్గర ఉంది. మిగతావన్నీ మీ తాత వెనక్కి తెప్పించి తూకానికి వేసేశాడు. దాన్ని పార్సిల్ చేశాను. పోస్టాఫీసులో క్యూలో నిలబడి పంపాను కాబట్టి ఊరికే పక్కన పడెయ్యకు. ఆ రెండు పేజీలు గీసే ముందు అందులో రంపం బొమ్మ చూడు. చూసి చెప్పు.

అత్త


జూలై 8

అత్తా,

చూశాను.

ముందు ఏమీ పట్టలేదు. ఎడమచెయ్యి, రంపం, కింద అంకెలు. కొడవలి, తాపీ, ఆకురాయి, కత్తెర, అన్నీ అంతే. తిరగబడిన బొమ్మలు ఎలా ఉంటాయో అలాగే ఉన్నాయనుకున్నాను. నిన్న మళ్ళీ తీశాను. రంపానికి 1 పిడి, 2 పళ్ళు, 3 వీపు అని అంకెలున్నాయి. తాతయ్యే బొమ్మల మీద కలంతో వేసేవాడని మాస్టారు రాశారు కదా. అంకెలు తిన్నగా ఉన్నాయేం అత్తా? బ్లాకు తిరగబడితే చెయ్యితోపాటు అంకె కూడా తిరగబడాలి. మూడు మూడులాగే ఉంది. ఏ పేజీ చూసినా అంతే. రోజూ బొమ్మల్ని అచ్చుకి పంపే దాన్ని, నాకే ఇన్నాళ్ళు తట్టలేదు.

అంటే ఏ బ్లాకూ తిరగబడలేదు. మొదట గీసిందే ఎడమచేతిని.

అప్పుడు చేతిని చూశాను. పెద్దవాళ్ళ చెయ్యి కాదది. సన్నగా, మణికట్టు దగ్గర ఎముక పొడుచుకొచ్చి ఉంది. బొటనవేలి మొదట్లో నెలవంకలాంటి మచ్చ. ఆ మచ్చ నాకు తెలుసు. చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు ఆ చెయ్యి పట్టుకుని దాన్ని గోటితో గీకుతుంటే, "డబ్బా మూత కోసింది, ఇంక దాన్ని వదిలెయ్యవే" అనేదానివి.

అది నీ చెయ్యి కదూ?

నాకు ఒకటే తోస్తోంది. ఆడపిల్ల, పైగా ఎడమచేతి వాటం. లోకం ఏమంటుందోనని నిన్ను దాచడానికే తాతయ్య ఆ బ్లాకుల కథ అల్లాడు కదూ? తప్పు ప్రెస్సు మీద వేసుకుని నిన్ను కాపాడాడు. ఎంత మంచి మనసు! నాన్నకి చెప్పనా?

పెన్సిలు


జూలై 16

పెన్సిలూ,

చెప్పకు. ముందు నువ్వు పూర్తిగా విను.

అది నా చెయ్యే. డ్రాయింగు మాస్టారు ఒకాయన బొమ్మలు వేసేవాడు. పనిముట్లు తెచ్చి ముందు పెడితే చక్కగా వేసేవాడు కానీ చెయ్యి మాత్రం చూడందే వెయ్యలేనన్నాడు. ఎవరో ఒకరు పట్టుకుని కూర్చోవాలి. మీ బామ్మకి ఇంటిపని, మీ నాన్న ఇంకా పుట్టలేదు. నేను బడి నుంచి రాగానే సంచీ దించి స్టూలు ఎక్కేదాన్ని. పదకొండేళ్ళప్పుడు ఎక్కాను. పరికిణీలు పొట్టివై కొత్తవి కుట్టించేదాకా దిగలేదు.

మీ నాన్నకి తెలియని నాన్న ఆయన. కోపం లేదు, కసురుకోడు. "కదలకు తల్లీ" అనేవాడు, అంతే. చెయ్యి నొప్పి పుడితే గోరువెచ్చటి నీళ్ళలో ముంచి తనే తుడిచేవాడు. ఆ తుడవడం కోసం నేను ఇంకాసేపు కూర్చునేదాన్ని. పని అయిపోతే "ఇంక లే" అనాలి, అప్పుడు దిగాలి. ఒకసాయంత్రం నేను రంపం పట్టుకుని ఉండగా ప్రెస్సు నుంచి కబురొచ్చి నాన్నా, డ్రాయింగు మాస్టారూ వెళ్ళిపోయారు. ఇంక లే అనడం నాన్న మరిచిపోయాడు. నేను అలాగే పట్టుకుని కూర్చున్నాను. దీపం పెట్టడానికి వచ్చి మా అమ్మ చూసింది. నా వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి రంపం తీసుకుంది.

నాది పుట్టుకతో ఎడమచేతి వాటం. ఏదిచ్చినా ఎడమచేత్తోనే అందుకునేదాన్ని. డ్రాయింగు మాస్టారు నాకు ఎదురుగా కూర్చునేవాడు. నా ఎడమచెయ్యి ఆయనకి కుడివైపు కనిపించేది, కుడే అనుకుని వేసుకుపోయాడు. ఆయన పక్కన నిలబడి చూసే మీ తాతకీ అంతే. ఒక్కో మాటని మూడు ఊళ్ళలో అడిగించి గానీ కోశంలోకి ఎక్కించని మనిషి. వాన పడుతోందో లేదో చూసి చెప్పమన్న మనిషి. తన కూతురు ఏ చేత్తో అన్నం తింటుందో, ఏ చేత్తో రాస్తుందో చూడలేదు. అదే పెన్సిలూ నాకు అప్పుడూ ఇప్పుడూ మింగుడుపడనిది. మిగతాదంతా ఎలాగో అరిగిపోయింది.

పత్రికలో వచ్చిన రోజు ఆయన కోశం చంకలో పెట్టుకుని వచ్చాడు. నన్ను పిలిచాడు. రంపం తీసి ఇస్త్రీ బల్ల మీద పెట్టి "పట్టుకో" అన్నాడు. నేను పట్టుకున్నాను. చాలాసేపు చూశాడు. మొదటిసారి చూశాడు. ఏమంటాడా అని నేను ఆయన మొహం వైపే చూస్తున్నాను. ఏదో ఒకటి అంటాడనుకున్నాను. "కుడిచేత్తో" అన్నాడు.

మర్నాటికి తప్పు బ్లాకుల ఆయనది అయిపోయింది. నన్ను కాపాడటానికి కాదే పిచ్చిదానా, కోశాన్ని కాపాడటానికి. చూడకుండా వేశాడన్న మాట వస్తే ఇక ఆ పుస్తకాన్ని ఎవరు నమ్ముతారు? ప్రెస్సు యజమానికి మీ తాత పెద్ద ఖాతాదారు, బ్లాకుల ఆయన్ని ఊరుకోమన్నాడు. ఆయన ఊరుకున్నాడు. డ్రాయింగు మాస్టారు కూడా నోరెత్తలేదు, తప్పులో సగం వాటా ఆయనదీ కదా. నన్నెవరూ అడగలేదు. భుజం తట్టి నవ్వాడన్నది మాత్రం తర్వాత చేరింది. ఆ మాటలు మీ నాన్నవే అయ్యుంటాయి.

బ్లాకులు చేసే ఆ పనిమంతుడికి, అన్నీ తిరగేస్తాడని, "అద్దం" అని పేరుపడింది. పిల్లలు వీధిలో అద్దం అద్దం అని వెంటపడేవాళ్ళు. ఆయన కూతురు బడిలో నా బెంచీలోనే కూర్చునేది. ఒకరోజు వచ్చి తన పుస్తకాలు తీసుకుని వెనక బెంచీకి వెళ్ళింది. ఆ ఏడాదే వాళ్ళు ఊరు మారిపోయారు.

నాకేమో రెండో ముద్రణ మొదలైంది. అవే పనిముట్లు, అదే స్టూలు, ఈసారి కుడిచెయ్యి. దానికి రంపం బరువు తెలియదు, వణికేది. బాగా అలవాటు పడాలని రాత కూడా కుడికి మార్పించాడు. నా కోడిగీతలు అక్కడివి. టైపు మిషను మీద ఎందుకు పడ్డానంటావా? అది ఏ చెయ్యి అని అడగదు, రెండూ కావాలంటుంది.

మీ నాన్న విందుల్లో ఆ కథ మొదలుపెట్టినప్పుడల్లా నేను వంటింట్లోకి ఎందుకు వెళ్ళేదాన్నో ఇప్పుడు తెలిసిందా?

చాలా రాశాను. చెయ్యి లాగుతోంది.

అత్త


జూలై 25

అత్తా, నా అత్తా,

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. కింద మెకానిక్కు కూడా సుత్తి ఆపి పైకి చూశాడు. తర్వాత నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంతకాలం నీ చేతిని దేశమంతా చూసింది, నిన్ను ఎవరూ చూడలేదు! ఇక ఊరుకునేది లేదు.

ఎడిటరు గారికీ మాస్టారుకీ మొత్తం చెప్పేశాను. ఎడిటరు గారైతే బల్ల మీద చరిచి "ఇదమ్మా కథ!" అన్నారు. పుస్తకమంతా మారుస్తున్నాం. ఇప్పుడు అది తాతయ్య కథ ఒక్కటే కాదు, "రంపం పట్టిన అమ్మాయి" కథ. ప్రతి పేజీలో నువ్వే. పేజీ పేజీకీ ఒక పనిముట్టు పట్టుకుని స్టూలు మీద కూర్చుని ఉంటావు, ఎడమచేత్తో! అట్ట మీద కూడా నువ్వే. చివర పిల్లలకి ఒక ప్రశ్న: ఈ అమ్మాయి ఎన్ని పనిముట్లు పట్టుకుందో లెక్కపెట్టండి. పన్నెండు బొమ్మలు అయిపోయాయి, పంపుతున్నాను. నాకు తెలిసి నా జీవితంలో ఇంత బాగా ఏదీ గీయలేదు.

ఒక్క కోరిక. ఆ ఎడమచేత్తో నీ పేరు ఒక కాగితం మీద రాసి పంపు. అట్ట వెనక వేస్తాం. వంకరగా వచ్చినా ఫర్వాలేదు, ఎంత వంకరగా వస్తే అంత బాగుంటుంది.

గర్వంగా,
నీ పెన్సిలు


ఆగస్టు 8

అత్తా,

బొమ్మలు అందలేదా? అందినట్టు పోస్టాఫీసువాళ్ళు సంతకం చూపించారు, అది నీ కోడిగీతే. ఒంట్లో బాగోలేదా? మీ పక్కింటావిడకి ఫోను చేస్తే "బాగానే ఉన్నారు, తలుపు వేసుకుని ఉన్నారు" అంది. అట్ట అచ్చుకి వెళ్ళాలి, ఎడిటరు గారు చెవిలో జోరీగలా తిరుగుతున్నారు. ఆనందంతో ఉక్కిరిబిక్కిరై రాయడం లేదనుకోనా? నీ పేరున్న కాగితం ఒక్కటి పంపు చాలు.

పెన్సిలు


ఆగస్టు 14

పెన్సిలూ,

బొమ్మలు అందాయి. పన్నెండూ మంచం మీద పరిచాను. బాగా వేశావు. మణికట్టు ఎముక కూడా అచ్చం అలాగే ఉంది. అందుకే మొత్తం చూడలేకపోయాను.

నువ్వు నన్ను మళ్ళీ కూర్చోబెట్టావే. అదే స్టూలు, అదే రంపం, అదే కొడవలి. పన్నెండుచోట్ల కదలకుండా కూర్చున్నాను. ఇప్పుడిది అచ్చువేసి పిల్లలందరికీ పంచుతారు. ఏ ఇంట్లో ఎవరు పుస్తకం తెరిచినా నేను పట్టుకునే ఉండాలి. వాళ్ళు లెక్కపెట్టాలట! ఎంతకాలం కూర్చోమంటావు? నాకు ఓపిక లేదు తల్లీ. అప్పుడే లేదు.

కందకు లేని దురద కత్తిపీటకెందుకు? నన్ను ఎవరూ చూడలేదని నేను నీతో అన్నానా? మా నాన్న చూడలేదన్నాను. దేశం చూస్తే ఏమిటి, చూడకపోతే ఏమిటి? ఇప్పుడు పుస్తకాల షాపులో నన్ను చూసి చప్పట్లు కొడితే ఆయన ఆ ఇస్త్రీ బల్ల దగ్గర తల ఎత్తుతాడా?

నాకు కావలసింది ఒక్కటే, దాన్ని మొదటి ఉత్తరంలోనే రాశాను. ఆ రెండు పేజీలు వద్దన్నాను. ఆ బక్కమనిషి చెయ్యని తప్పు ఇంకో తరం పిల్లలకి నేర్పొద్దు. నీ కొత్త బొమ్మల్లో నేను పేజీకొకచోట ఉన్నాను, ఆయన మాత్రం ఒక్కచోట కూడా లేడు. ఆయన్ని తీసేస్తే సరిపోతుందా? ఆయన మీద పడింది పోవద్దూ?

నువ్వు మంచిదానివి. నామీద ప్రేమతోనే చేశావు. మీ తాతదీ ప్రేమే. కానీ స్టూలు ఎక్కించేముందు ఆయనా నన్ను అడగలేదు, నువ్వూ అడగలేదు.

ఎడమచేత్తో నా పేరు రాసి పంపను. ఈ వయసులో దాన్ని మళ్ళీ పనిలో పెట్టడం దేనికి? దానికి సెలవిచ్చేశాను. ఒళ్ళో పడుకోనీ.

నన్ను తీసెయ్.

అత్త


ఆగస్టు 25

అత్తా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఏం రాసినా తప్పుగానే అనిపిస్తోంది. అడగలేదు, నిజమే. నేనూ ఆ ఇంటి పిల్లనే కదా, చూశాననుకున్నాను.

ఎడిటరు గారితో పెద్ద గొడవైంది. అమ్మాయి కథ తీసేస్తే పుస్తకంలో ఏం మిగులుతుంది, పోనీ పాత బ్లాకుల కథే పెడదాం అన్నారు. అది కూడా కుదరదన్నాను. మరి నువ్వు ఎందుకమ్మా అన్నారు. అయితే నా పేరు కూడా తీసెయ్యండి అని లేచి వచ్చేశాను. ఇంటికొచ్చి గైడు అట్ట ఒకటి ముందేసుకున్నాను, ఇక జన్మంతా ఇదేనని.

మాస్టారే నిలబడ్డారు. ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. "ప్రతి పేజీలో చూసి చెప్పు, చూసి చెప్పు అని రాసి, ఆ ఒక్క పేజీ చూడకుండా ఎలా చెబుతామండీ" అన్నారట. ఎడిటరు గారు రెండురోజులు మొహం ముడుచుకుని, మూడోరోజు నాకు కబురుపెట్టారు.

20, 21 ఇప్పుడు ఇలా ఉన్నాయి. ప్రెస్సులో ఒక సన్నటి మనిషి, చొక్కా పై బొత్తాం పెట్టుకుని, పసుపు వేళ్ళతో బ్లాకుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూస్తుంటాడు. కింద మాస్టారు రాసింది: "పుస్తకంలో చేతులన్నీ ఎడమచేతులే. తప్పు బ్లాకులు చేసిన ఆయనదన్నారు. కాదు. ఆయన బొమ్మలో ఉన్నది ఉన్నట్టే చేశాడు. చూసి చెప్పు అని అందరికీ నేర్పిన మనిషి, ఆ ఒక్కసారి తన ఎదురుగా ఉన్న చేతిని చూసుకోలేదు. ఆ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు." అంతే. ఎవరి చెయ్యో లేదు. పిల్లలు అడిగితే అడగనీ.

నిన్ను అన్ని పేజీల్లోంచీ తీసేశాను. పన్నెండు బొమ్మలూ చించలేదు, మన్నించు, చింపబోతే చెయ్యి రాలేదు. కట్టకట్టి నీకే పంపేస్తున్నాను, నీ ఇష్టం.

ఆఖరి పేజీకి ఒక బొమ్మ కావాలి. అది కూడా పంపుతున్నాను. ఇంకా ఎవరికీ చూపించలేదు. నువ్వు వద్దంటే వెయ్యను. ఈసారి అడుగుతున్నాను. చూసి చెప్పు.

పెన్సిలు


సెప్టెంబరు 3

ఒసేయ్ పెన్సిలూ,

వాన పడుతోంది. చూసే చెబుతున్నాను.

ఇరవయ్యో పేజీ బొమ్మలో ఆయన సరిగ్గా అలాగే ఉన్నాడు. మెడ ఇంకాస్త పొడుగు, కానీ వదిలెయ్, ఆయన ఏమీ అనుకోడు. పుస్తకం వచ్చాక నాకు కాపీ వద్దు. నా బెంచీలో కూర్చున్న ఆ అమ్మాయి ఎక్కడుందో కనుక్కుని ఆమెకి పంపు. మాస్టారు ఊళ్ళన్నీ తిరిగిన మనిషిలా ఉన్నాడు, ఆయన్ని వాకబు చెయ్యమను. ఆమె కూడా ముసలిదై ఉంటుంది. ఉంటే. మీ నాన్నకి కూడా చెప్పెయ్. విందుల్లో చెప్పుకోడానికి ఇంకో కథ వెతుక్కోమను.

పన్నెండు బొమ్మలు బీరువాలో పెట్టాను. చించలేదు. నాకూ చెయ్యి రాలేదు.

ఆఖరి బొమ్మ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. ఇస్త్రీ బల్ల. బల్ల మీద బూటులేసు కట్టిన కళ్ళజోడు. దాని పక్కన రంపం పడుకోబెట్టి ఉంది, పిడి ఎడమచేతివైపుకి. స్టూలు ఖాళీ. గది తలుపు తెరిచి ఉంది, గుమ్మం దాకా వెలుతురు పడింది. ఎవరూ లేరు. వెళ్ళిన పిల్ల ఎటు వెళ్ళిందో నువ్వు వెయ్యలేదు. మంచిపని చేశావు, అది నాకు కూడా తెలియదు.

వెయ్యి. అందులో ఏమీ మార్చకు.

ఆ రోజు మా అమ్మ వేళ్ళు విప్పి రంపం తీసుకుంది కానీ, లేవమని అనడానికి ఆవిడకి కూడా నోరు రాలేదు. ఆయన అనాల్సిన మాట కదా అది. ఎవరో ఒకరు అంటారని కూర్చున్నానేమో, ఎంతకాలమో నాకే తెలియదు. నీ బొమ్మ చూస్తే అన్నట్టే ఉంది.

పక్కింటావిడ టీ తాగడానికి పిలుస్తోంది. రోజూ పిలుస్తుంది, రోజూ మోకాళ్ళని చెబుతాను. ఇవాళ వస్తున్నానని కేకేశాను. నీకు ఇంకా రాద్దామనే ఉంది కానీ, ఇంక లేస్తాను.

అత్త